అప్రెంటిస్‌షిప్‌లో కేబుల్ పనే ఇస్తున్నారు, నెట్‌వర్క్ కాన్ఫిగరేషన్ నేర్చుకోవడం ఎలా?

అందరికీ నమస్కారం. ఐటీ, కమ్యూనికేషన్స్ టెక్నీషియన్ అప్రెంటిస్‌గా మొదటి ఏడాదిలో ఉన్నాను. ఇప్పటిదాకా నా చేతికి వచ్చిందంతా దాదాపు కేబుల్ పనే. వైర్లు లాగడం, ప్యాచ్ ప్యానెల్‌లో (కేబుళ్లన్నీ వచ్చి చేరే పోర్టుల పలక) వైర్లు పంచ్ చేసి బిగించడం, కేబుల్ చివర ఆర్‌జే45 కనెక్టర్లు (నెట్ కేబుల్ ప్లగ్గులు) క్రింప్ చేయడం.

అది చిన్న పనేమీ కాదు. మొన్న ఒక పోర్టు గిగాబిట్ (1000 ఎంబీపీఎస్) వేగం అందుకోకుండా 100 ఎంబీపీఎస్ దగ్గరే ఆగిపోయింది. టెస్టర్ పెట్టి చూస్తే, కేబుల్‌లో ఉండే నాలుగు జతల వైర్లలో నీలం జతలో ఒక వైరు తెగి ఉంది. 100కి రెండు జతలు చాలు, గిగాబిట్‌కి నాలుగూ కావాలి. నెట్ నడుస్తూనే ఉంది కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. ఇలాంటివి పుస్తకంలో చదివితే ఇంత గట్టిగా గుర్తుండవు.

కానీ స్విచ్‌లో వీల్యాన్ పెట్టడం (ఒకే నెట్‌వర్క్‌ని వేరువేరు భాగాలుగా విడగొట్టడం), డీహెచ్‌సీపీ సెట్ చేయడం (పరికరాలకి ఐపీ అడ్రస్‌లు వాటంతటవే అందేలా చేయడం) లాంటివన్నీ మా సీనియర్ గారే చేసేస్తారు. అడిగితే లైవ్ నెట్‌వర్క్, రిస్క్ తీసుకోలేం అంటారు. ఆయన మాటా నిజమే. ఇంటికెళ్లాక సిస్కో ప్యాకెట్ ట్రేసర్ అనే నెట్‌వర్క్ సిమ్యులేటర్‌లో ప్రాక్టీస్ చేస్తున్నాను. సబ్‌నెట్టింగ్ (ఐపీ అడ్రస్‌లని చిన్న గుంపులుగా విడగొట్టడం) ఫర్వాలేదు, ట్రంక్ పోర్టుల (ఒకే కేబుల్ మీద చాలా వీల్యాన్‌లని మోసే పోర్టులు) దగ్గరే తికమకగా ఉంటోంది.

ఈ రంగంలో ఉన్నవాళ్లు చెప్పండి. వాడేసిన మేనేజ్డ్ స్విచ్ (సెట్టింగ్‌లు మనమే మార్చుకోగలిగేది) ఒకటి కొనుక్కుంటే నిజంగా ఉపయోగమా, సిమ్యులేటర్ సరిపోతుందా? తర్వాత సీసీఎన్ఏకి (సిస్కో ఇచ్చే నెట్‌వర్కింగ్ సర్టిఫికెట్) చదవాలా, ముందు ఫైబర్ స్ప్లైసింగ్‌లో (ఫైబర్ కేబుల్ పోగులని అతికించడం) చేయి తిరిగేలా సాధన చేయాలా? అన్నిటికంటే టెన్షన్ పెడుతున్నది ఇది: సీనియర్‌కి కోపం రాకుండా కాన్ఫిగరేషన్ పని అడగడం ఎలా?