‘పరిణామం’ అనాలా, ‘వికాసం’ అనాలా?

ప్రశ్న: జీవశాస్త్రంలోని ‘ఎవల్యూషన్’ను, అంటే తరతరాలుగా జాతులు మారడాన్ని, హిందీవారు ‘వికాస్’ అనీ, బెంగాలీవారు ‘వివర్తన్’ అనీ వ్యవహరిస్తుంటే మనం ‘పరిణామం’ అంటున్నాము. ‘తాజా రాజకీయ పరిణామాలు’, ‘తీవ్ర పరిణామాలు ఉంటాయి’ అంటూ పత్రికలు ఆ మాటను సంఘటన, పర్యవసానం అనే అర్థాలలో అరగదీశాయి కనుక, డార్విన్ సిద్ధాంతానికి ‘వికాసం’ అనడమే మేలు కాదా?

జవాబు: ‘పరిణామం’ మార్చవలసిన అవసరం లేదని నా అభిప్రాయం. దానికి కారణం డార్విన్‌కు ముందు వంద సంవత్సరాల చర్చలో ఉంది.

వికాసం అంటే విచ్చుకోవడం. మొగ్గలో ముడుచుకొని ఉన్న రేకులే పువ్వులో విప్పారుతాయి తప్ప కొత్తగా వచ్చి చేరేది ఏమీ ఉండదు. ఐరోపాలో ‘ఎవల్యూషన్’ అన్న మాట జీవశాస్త్రంలోకి మొదట వచ్చింది సరిగ్గా ఈ అర్థంలోనే. లాటిన్‌లో అది చుట్టి ఉన్న గ్రంథాన్ని విప్పడం. 1744లో స్విస్ శరీరధర్మశాస్త్రవేత్త ఆల్‌బ్రెక్ట్ ఫాన్ హాలర్, ఆ తరువాత జెనీవాకు చెందిన ప్రకృతిశాస్త్రవేత్త షార్ల్ బొనే ఆ మాటను పిండోత్పత్తి (గర్భంలో ప్రాణి రూపుదిద్దుకోవడం) చర్చలో వాడారు. ప్రాణి బీజంలోనే సూక్ష్మరూపంలో సిద్ధంగా ఉంటుందని, దానిలో దాని సంతానం, ఆ సంతానంలో మళ్లీ తరువాతి సంతానం సృష్ట్యాది నుంచీ ఇమిడి ఉన్నాయని, పుట్టుక అంటే విప్పారడమేనని ఆ వాదం. ఇరవై ఏళ్ల వయసులో, 1740లో, బొనే ఒక పేనుబంక పురుగును పుట్టిన వెంటనే వేరుచేసి ఒంటరిగా పెంచి, మగపురుగుతో కలయిక లేకుండానే అది పిల్లలను కనడం గమనించాడు. పరిశీలన నిర్దుష్టమైనది, దానినుంచి ఆయన తీసిన సిద్ధాంతం మాత్రం నిలవలేదు. ముందే రాసి ఉన్నది విప్పుకోవడమే జీవం పని అయితే, కొత్త జాతి పుట్టడానికి చోటు ఎక్కడ? జాతులు మారతాయని ఊహించాలంటే వదులుకోవలసివచ్చింది ఈ వికాసభావాన్నే. డార్విన్ తన ‘జాతుల ఉత్పత్తి’ (Origin of Species) గ్రంథపు 1859 నాటి తొలి ముద్రణలో ‘ఎవల్యూషన్’ అన్న నామవాచకాన్ని అసలు వాడలేదు. దాని క్రియారూపం ఒక్కటే గ్రంథంలో చిట్టచివరి మాటగా కనిపిస్తుంది. నామవాచకం 1872 నాటి ఆరవ ముద్రణలో చేరింది.

ఈ భేదం మన శాస్త్రాలకు కొత్త కాదు. యాస్కుడు వైదిక పదాల వ్యుత్పత్తి గ్రంథమైన నిరుక్తంలో వార్ష్యాయణి అనే ఆచార్యుని మతంగా ఆరు భావవికారాలను (ఉనికి పొందే మార్పులను) చెప్పాడు: జాయతే (పుడుతుంది), అస్తి (ఉంటుంది), విపరిణమతే (మారుతుంది), వర్ధతే (పెరుగుతుంది), అపక్షీయతే (క్షీణిస్తుంది), వినశ్యతి (నశిస్తుంది). మారడం వేరు, పెరగడం వేరు అని అక్కడే తేలిపోయింది. అయితే ఈ ఆరూ ఒక్కొక్క వస్తువుకు చెప్పినవి. జాతి మాట వేరు. ‘నిత్యమేకమనేకానుగతం సామాన్యమ్’ (నిత్యమై, ఒక్కటై, అనేకాలలో ఉండేది సామాన్యం) అని తార్కికులు జాతిని నిత్యమన్నారు. ఈ ఆవు పుడుతుంది, పెరుగుతుంది, చనిపోతుంది, గోత్వం (ఆవుతనం) మాత్రం ఉంటుంది. ఆదిలో ఎన్ని రూపాలు సృష్టి అయ్యాయో అన్నే జాతులు ఉన్నాయని స్వీడన్ వర్గీకరణ శాస్త్రవేత్త లినేయస్ చాలాకాలం నమ్మినదీ ఇంచుమించు ఇటువంటి మాటే.

డార్విన్‌కు దారి వేసినవారు చేసినది ఈ క్రియలను వ్యక్తినుంచి జాతికి తీసుకువెళ్లడమని నేను అర్థం చేసుకున్నాను. ‘వినశ్యతి’ని జాతికి చెప్పినవాడు ఫ్రెంచి జంతుశాస్త్రవేత్త క్యువియే. 1796లో ఆయన పారిస్‌లో సింహళపు (ఆసియా) ఏనుగు, ఆఫ్రికా ఏనుగు, సైబీరియాలో దొరికిన ఏనుగులాంటి జంతువు మామత్‌ల పుర్రెలను, దవడలను, దంతాలను పక్కపక్కన పెట్టి పరిశీలించాడు. ఆఫ్రికా ఏనుగు నమిలే పళ్ల మీది గట్లు వజ్రపు గుర్తు (డైమండ్) ఆకారంలో ఉంటాయి. ఆసియా ఏనుగువి సన్నని పట్టీల వలె వరుసగా ఉంటాయి. ఈ రెండూ ఒకే జాతి కావని, మామత్ ఈ రెండింటిలో దేనికీ చెందదని, అంతటి జంతువు ఇంకా ఎక్కడో తిరుగుతూ ఎవరికంటా పడకుండా ఉండడం అసంభవం కనుక ఆ జాతి అంతరించిందని ఆయన తేల్చాడు. జాతి నిత్యం కాదు అనడానికి ఇంతకంటే గట్టి సాక్ష్యం అంతకుముందు లేదు.

‘విపరిణమతే’ని జాతికి చెప్పినవాడు ఫ్రెంచి ప్రకృతిశాస్త్రవేత్త లామార్క్, 1809లో. నశిస్తాయి కాని మారవు అని క్యువియే, మారతాయి అని లామార్క్ పట్టుపట్టారు. నెపోలియన్ ఈజిప్టు యాత్ర వెంట వెళ్లిన ప్రకృతిశాస్త్రవేత్త జ్యోఫ్రువా సెంతిలేర్ అక్కడి సమాధులనుంచి మమ్మీలుగా చేసిన ఐబిస్ (పొడవైన వంకర ముక్కు గల) పక్షులను తెచ్చాడు. వాటి ఎముకలను నేటి ఐబిస్ ఎముకలతో పోల్చిన క్యువియే, వేల సంవత్సరాలలో ఏ మార్పూ లేదు కనుక జాతులు స్థిరమన్నాడు. ఈజిప్టు వాతావరణం మారలేదు కనుక పక్షి మారవలసిన పని లేదని, పైగా భూమి వయసు ముందు ఆ కాలం లెక్కలోకి రాదని లామార్క్ బదులిచ్చాడు. నా దృష్టిలో ఆ వాదన మొత్తానికి ఇదే గుండెకాయ, ఎందుకంటే ఇక్కడ వివాదం పక్షి గురించి కాక కాలం గురించి అయింది. ఫ్రెంచి ప్రకృతిశాస్త్రవేత్త బుఫోన్ ఇనుప గోళాలను ఎర్రగా కాల్చి, అవి చల్లారే సమయాన్ని కొలిచి, 1778లో భూమికి సుమారు 75,000 ఏళ్లు అన్నాడు. 1788లో స్కాట్లాండ్ భూగర్భశాస్త్రవేత్త హటన్ రాళ్లలో ఆరంభపు జాడే కనబడదన్నాడు. భూమి వయసు అపారమని చూపే, 1830లో వెలువడిన లైయెల్ భూగర్భశాస్త్ర గ్రంథం మొదటి సంపుటం ప్రపంచయాత్ర చేసిన బీగిల్ ఓడలో డార్విన్ వెంట ఉంది.

మరొకరి ప్రశ్న: అలాగైతే మూలప్రకృతే మార్పు చెంది జగత్తు అవుతుందనే సాంఖ్యుల పరిణామవాదమే డార్విన్ సిద్ధాంతానికి పూర్వరూపమని చెప్పుకోవచ్చునా? బెంగాలీవారి ‘వివర్తన్’ సంగతి ఏమిటి?

జవాబు: చెప్పుకోకూడదు. సాంఖ్యుల పరిణామం సత్కార్యవాదం మీద నిలిచింది. కార్యం కారణంలో ముందే ఉంటుందని, పాలలో లేని పెరుగు పాలనుంచి రాదని వారి మతం. ఆ లెక్కన అది హాలర్, బొనేల పక్షానికే దగ్గర. మాటను తీసుకున్నాము, దర్శనాన్ని తీసుకోలేదు. బెంగాలీలో ‘వివర్తన్’ చక్కగా స్థిరపడింది కాని, తెలుగు చదువరికి వివర్తమంటే తాడులో కనిపించిన పామే, అంటే మారకుండానే మారినట్లు తోచడమే తలపుకు వస్తుంది కనుక అది మనకు పనికిరాదు.

పాలు పెరుగు ఉదాహరణలో మరొక చిక్కు ఉంది. గిన్నెలోని పాలన్నీ పెరుగు అవుతాయి. లామార్క్ ఊహించినదీ అటువంటిదే: ప్రాణులు తాము మారి, ఆ ఆర్జిత గుణాలను సంతానానికి ఇస్తాయి. డార్విన్ చెప్పినది అది కాదు. 1798లో ఇంగ్లండ్ ఆర్థికవేత్త మాల్థస్ జనసంఖ్యపై రాసిన వ్యాసాన్ని 1838లో చదివిన డార్విన్, బతకగలిగినవాటికంటే ఎక్కువ పుట్టే చోట స్వల్పమైన తేడాలు కూడా చావుబతుకులను నిర్ణయిస్తాయని గ్రహించాడు. ప్రకృతి వరణంలో (అనుకూలమైన తేడాలున్నవే ఎక్కువగా బతికి సంతానాన్ని కనడంలో) ఏ ఒక్క ప్రాణీ మరొకటిగా మారదు. తరం తర్వాత తరం సమూహంలో ఏ రకంవి ఎన్ని ఉన్నాయన్నది మారుతుంది. ఇదే సిద్ధాంతాన్ని విడిగా ఊహించిన వాలెస్‌కు కూడా మాల్థస్ గుర్తుకు వచ్చిన తరువాతే ఈ సంగతి తట్టింది. కాబట్టి ‘కోతి మనిషిగా పరిణామం చెందింది’ అనే వాక్యంలో తప్పు ‘పరిణామం’ అన్న మాటది కాదు, వాక్యానికి పెట్టిన కర్తది. కోతులకూ మనిషికీ ఉమ్మడి పూర్వీకులు ఉన్నారని, ఆ వంశం చీలి వేరు వేరు జాతులుగా పరిణమించిందని రాస్తే ఏ ఇబ్బందీ లేదు.

నేను నిజంగా అభ్యంతరపెట్టేది ‘పరిణామక్రమం’ అన్న సమాసాన్ని. క్రమం అనగానే అడుగున రాయి, పైన మొక్క, దానిపైన జంతువు, శిఖరాన మనిషి ఉన్నట్లు బొనే 1745లో ప్రకటించిన నిచ్చెన మళ్లీ వచ్చి నిలబడుతుంది. ఆ నిచ్చెనను విరగ్గొట్టినవాడు జాతులు మారవన్న క్యువియేనే. 1812లో ఆయన జంతువులను వెన్నెముక గలవి, మెత్తని శరీరం గలవి, కణుపుల శరీరం గలవి, కేంద్రం చుట్టూ సమానంగా అమరిన శరీరం గలవి అని నాలుగు విభాగాలుగా చేసి, ఒకదాని నిర్మాణాన్ని మరొకదానికి పైమెట్టుగా చూడడం కుదరదన్నాడు. అందువల్ల వ్యాసాలలో ‘జాతుల పరిణామం’ అని రాసి, ‘క్రమం’ అన్న మాటను శిలాజాలు దొరికే పొరల వరుసకు మాత్రమే ఉంచుకోవాలని నా సూచన.