అప్‌డేట్: ముందు డిఫరెన్షియల్ వణుకు పోయింది

నా పికప్‌లో గంటకు 50 నుంచి 70 కిలోమీటర్ల వేగం మధ్య బండి ఫ్లోర్ వణుకుతోందనీ, టైర్లు బ్యాలెన్స్ చేయించినా తగ్గలేదనీ ఇంతకుముందు అడిగాను. కారణం ముందు డిఫరెన్షియల్‌లో (ఇంజిన్ శక్తిని రెండు ముందు చక్రాలకు పంచే గేర్ల పెట్టెలో) దొరికింది.

ఫోర్ వీల్ డ్రైవ్ వేసి అదే వేగంతో నడిపి చూడమన్న సలహాకు ఎంతో రుణపడి ఉన్నాను. వేయగానే వణుకు మాయమైంది, తీయగానే తిరిగి వచ్చింది. టైర్ల దోషమైతే అలా జరగదు. డిఫరెన్షియల్‌లో యాక్సిల్ (చక్రాన్ని తిప్పే షాఫ్టు) కొసను మోసే నీడిల్ బేరింగ్ (సూదుల్లాంటి సన్నని రోలర్లున్న బేరింగ్) అరిగిపోయింది. టూ వీల్ డ్రైవ్‌లో ఆ షాఫ్టు మీద ఇంజిన్ లోడు లేకుండా ఊరికే తిరుగుతుంది కాబట్టి వదులైన బేరింగ్‌లో ఊగుతుంది.

డిఫరెన్షియల్‌ను కిందికి దించనక్కరలేదు. బండిని స్టాండ్ల మీద గట్టిగా నిలిపి, చక్రం, సీవీ యాక్సిల్ (పైన చెప్పిన షాఫ్టే) తీసి, ఆయిల్ కారకుండా ఆపే సీలు ఊడదీశాను. అసలు కష్టం బేరింగ్ దగ్గరే. లోపలి అంచును పట్టి లాగే పుల్లర్ లేకపోతే ఈ పని మొదలుపెట్టకండి. స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే హౌసింగ్ గీసుకుపోతుంది, అప్పుడు కొత్తది కూడా నిలవదు. దాని స్థానంలో గట్టి లోహపు బుష్ (రోలర్లు లేని గొట్టంలాంటి ముక్క) వంకర లేకుండా దింపాను. సీలు, యాక్సిల్ ఊడిరాకుండా పట్టి ఉంచే సర్‌క్లిప్ (స్ప్రింగు రింగు) కొత్తవి వేశాను.

ఒక మాట: ఆయిల్ తీసే ముందే నింపే బోల్టు వదులవుతుందో లేదో చూసుకోండి. పాత ఆయిల్ తీసేశాక అది బిగుసుకుపోయిందని తేలితే కొత్తది పోయలేం, బండి నడపలేం. మాన్యువల్ చెప్పిన గ్రేడులో జీఎల్-5 (గేర్ ఆయిల్ నాణ్యతా ప్రమాణం) గేర్ ఆయిల్ పోశాను.

ఇప్పుడు అన్ని వేగాల్లోనూ నిశ్శబ్దమే. సీలు చుట్టూ తడి కనిపిస్తుందేమోనని చూస్తున్నాను, ఇంతవరకు పొడిగానే ఉంది.