జర్మనీలో పాత ఇంటికి హీట్ పంప్ పెట్టించుకున్న తెలుగువాళ్లు ఎవరైనా ఉన్నారా?

అందరికీ నమస్కారం. మేము జర్మనీలో ఒక చిన్న ఊళ్లో పాత ఇల్లు కొనుక్కున్నాం. గ్యాస్ బాయిలర్‌కి 22 ఏళ్లు. ఈ చలికాలం రెండుసార్లు ఆగిపోయింది, ఇంట్లో పసిపాప.

హీట్ పంప్ (బయటి గాలిలోనో నేలలోనో ఉన్న వేడిని కరెంటుతో లోపలికి లాగి ఇల్లు వెచ్చబరిచే యంత్రం) పెట్టిద్దామంటే మా వీధిలో అందరూ ఒకటే మాట: "తొందరపడకండి, ఆ చట్టం ఉండదు." 2023లో అప్పటి ఆర్థిక, వాతావరణ మంత్రి రాబర్ట్ హాబెక్ తెచ్చిన హీటింగ్ చట్టం, కొత్తగా పెట్టే హీటర్ 65 శాతం పునరుత్పాదక శక్తితో నడవాలన్నది, ఇక్కడ ఎంత కోపం రేపిందో చెప్పలేను. పెన్షన్ మీద బతికే మా పక్కింటి పెద్దాయన ఇప్పటికీ ఆ పేరెత్తితే మండిపడతారు. ఆయన భయం నాకు అర్థమవుతుంది. అంత డబ్బు ఎక్కడినుంచి తెస్తారు? 2025లో వచ్చిన ప్రభుత్వం ఆ చట్టాన్ని రద్దు చేస్తామని పొత్తు ఒప్పందంలోనే రాసుకుంది.

కానీ గ్యాస్ మీద కార్బన్ ధర, అంటే దాన్ని కాలిస్తే వెలువడే కార్బన్ డయాక్సైడ్‌కి పడే రుసుము, 2021లో టన్నుకు 25 యూరోలు, 2025కి 55 అయింది. మళ్లీ గ్యాస్ బాయిలరే పెడితే ఇరవై ఏళ్లు దానికే కట్టుబడాలి. నాకు మనసొప్పడం లేదు.

పాత రేడియేటర్లు మార్చకుండానే మీ ఇల్లు వెచ్చబడిందా? కరెంటు బిల్లు ఎంత పెరిగింది? సబ్సిడీ డబ్బు చేతికి రావడానికి ఎన్నాళ్లు పట్టింది? దయచేసి మీ అనుభవం చెప్పండి, వచ్చే చలికాలంలోపు తేల్చుకోవాలి.