తెల్లగా పుట్టిన మేనల్లుడికి చర్మ క్యాన్సర్ ముప్పు ఉంటుందా?

ప్రశ్న: జాలారిపేట మేనమామ
మా అక్కది మేనరికం. పదకొండేళ్ల మేనల్లుడికి పుట్టుకతోనే ఆల్బినిజం (ఒంటికి, జుట్టుకు రంగు సరిగా రాని లోపం) ఉంది. కనురెప్పల వెంట్రుకలు కూడా తెల్లగానే ఉంటాయి, ఎండలో కళ్లు తెరవలేడు. అయినా సెలవొస్తే చాలు, వాళ్ల నాన్నతో వలల దగ్గరే ఉంటాడు. ఈ మధ్య వాడి చెవి పైఅంచున గరుకైన పెచ్చు కట్టి, ఊడి, మళ్లీ అక్కడే కడుతోంది. చర్మ క్యాన్సర్ తెల్లదొరల జబ్బని బావగారు కొట్టిపారేస్తున్నారు. ఆ మాట నిజమేనా? చామనఛాయగా ఉన్న వాడి చెల్లెలికీ ముప్పు ఉంటుందా?

జవాబు: ఎంవీపీ కాలనీ చర్మవైద్యురాలు
బావగారి మాట సగమే నిజం. మన చర్మానికి రంగునిచ్చే మెలనిన్ ఎండలోని అతినీలలోహిత కిరణాలను చాలావరకు అడ్డుకుంటుంది కాబట్టే మనలో ఈ క్యాన్సర్ అరుదు; ఆల్బినిజంలో ఆ మెలనినే సరిగా తయారు కాదు, కనుక ఆ భరోసా మీ మేనల్లుడికి వర్తించదు. ఇలాంటివారిలో స్క్వామస్ సెల్ కార్సినోమా అనే చర్మ క్యాన్సర్ ఎక్కువగా ముఖం, చెవులు, మెడ మీద, మిగతావారి కంటే చిన్న వయసులోనే వస్తుంది. పదకొండేళ్లకే అది క్యాన్సర్ అయ్యే అవకాశం తక్కువే గాని, మానని పెచ్చును ఉపేక్షించకూడదు. ఈ వారంలోనే విశాఖ కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) చర్మవ్యాధుల విభాగంలో చూపించండి. అవసరమైతే చిన్న ముక్క తీసి బయాప్సీ పరీక్షకు పంపుతారు.

లోపమున్న జన్యువు తల్లిదండ్రులిద్దరి నుంచీ వస్తేనే ఆల్బినిజం కనిపిస్తుంది. పాపకు ఒకరి నుంచే వచ్చి ఉండవచ్చు. దానివల్ల ఆమె చర్మానికి చెప్పుకోదగ్గ ముప్పు లేదు గాని, రేపు ఆమెకూ మేనరికమే చేయదలిస్తే ముందుగా జన్యు సలహా తీసుకోండి.

జవాబు: విశ్రాంత జీవశాస్త్ర అధ్యాపకుడు
దగ్గరి సంబంధాల్లో బయటపడే మరో జబ్బు జీరోడెర్మా పిగ్మెంటోసమ్. ఎండకు దెబ్బతిన్న డీఎన్‌ఏను కణం బాగుచేసుకోలేకపోవడమే దాని మూలం. ఆ మరమ్మతు ఎలా జరుగుతుందో వివరించినందుకే శాస్త్రవేత్త అజీజ్ సాంజార్ 2015 రసాయనశాస్త్ర నోబెల్‌ను మరో ఇద్దరితో పంచుకున్నారు. బొల్లిని మాత్రం వీటితో ఒకే గాటన కట్టకండి. ఇక మామూలు రంగువారిలో చర్మ క్యాన్సర్‌కు ఎండ ఒక్కటే కారణం కాదు: ఏళ్ల నాటి కాలిన మచ్చ మీద మానని పుండు, అరికాలిలోనో గోరు కిందో పెరిగే నల్లమచ్చ కూడా అనుమానించదగినవే.

జవాబు: భీమిలి అమ్మ
మా అమ్మాయిదీ ఇదే పరిస్థితి. క్రికెట్ టోపీ చెవులను కప్పదండీ. చుట్టూ వెడల్పు అంచున్నది కొనండి. పొడి ఇసుక కూడా అతినీలలోహిత కిరణాలను 15 శాతం దాకా తిప్పికొడుతుందట, కాబట్టి నీడలో కూర్చున్నా పొడుగు చేతుల చొక్కా వేయండి, ఎస్‌పీఎఫ్ 30కి తగ్గని సన్‌స్క్రీన్‌ను చెవి వెనక కూడా రాయండి. పది నుంచి నాలుగు దాకా తీరానికి పంపవద్దు. వలల పని సాయంత్రం నేర్పమని బావగారికి చెప్పండి.