చందా అభ్యర్థికి ఇవ్వాలా, పార్టీకి ఇవ్వాలా?

ఉండి రైతు:
మా ఉండి ప్రాంతపు రొయ్యల రైతులం కొందరం కలిసి వచ్చే శాసనసభ ఎన్నికల్లో ఒక అభ్యర్థికి చందా ఇవ్వాలనుకుంటున్నాము. ఆ మాట బయటికి రాగానే బంధువుల్లోనే రెండు వర్గాలయ్యాయి. ఒకరు ఎన్నికల బాండ్ల (ఇచ్చినవారి పేరు బయటపడకుండా స్టేట్ బ్యాంకులో కొని పార్టీలకు ఇచ్చిన పత్రాలు) ద్వారా వైఎస్సార్ కాంగ్రెస్‌కు ముట్టిన సుమారు 337 కోట్లను, మరొకరు తెలుగుదేశానికి అందిన సుమారు 219 కోట్లను ఎత్తి చూపుతున్నారు. మా సొమ్ము ఎవరికి, ఎలా ఇస్తే లెక్క నలుగురికీ కనబడుతుందో పెద్దలు చెప్పగలరు.

పాలకొల్లు పౌరుడు:
ఆ రెండు అంకెలే జవాబు చెబుతున్నాయి కదండీ. అప్పుడు అధికారంలో ఉన్న వైఎస్సార్ కాంగ్రెస్‌కు ఎక్కువ ముట్టింది. గుత్తేదారులు ఊరికే బాండ్లు కొనరు.

అమలాపురం వాసి:
పాలకొల్లు వారి వాదనలో ఒక లొసుగు ఉంది. స్టేట్ బ్యాంకు 2024 మార్చిలో ఇచ్చిన జాబితా 2019 ఏప్రిల్ 12న మొదలవుతుంది, అంటే మన రాష్ట్రంలో పోలింగ్ ముగిసిన మరునాటి నుంచి. తెలుగుదేశం ప్రభుత్వం ఉన్న 2018 నాటి బాండ్లు అందులో లేవు. పైగా ప్రతిపక్షంలో కూర్చున్న పార్టీకి 219 కోట్లు ఇచ్చినవారు రేపటి అధికారాన్ని చూసి ఇవ్వలేదని ఎలా అనగలం? ఆ బాండ్ల పథకాన్ని 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు కొట్టివేసిన కారణం కూడా ఏ ఒక్క పార్టీ తీరూ కాదు, ఎవరు ఎవరికి ఇస్తున్నారో తెలుసుకునే హక్కు ఓటరుకు ఉండడమే.

తణుకు న్యాయవాది:
ఉండి వారి ప్రశ్నకు వస్తాను. లెక్క కనబడాలంటే అభ్యర్థి ఎన్నికల కోసం విడిగా తెరిచే బ్యాంకు ఖాతాకు, ఎవరి వాటాకు వారు సొంత పేరున చెక్కు ఇవ్వండి. మన రాష్ట్రంలో శాసనసభ అభ్యర్థి ఖర్చు పరిమితిని 2022లో 40 లక్షలకు పెంచారు. ఫలితం వెలువడిన 30 రోజుల్లో అభ్యర్థి జిల్లా ఎన్నికల అధికారికి లెక్క సమర్పించాలి, నిబంధనల ప్రకారం రూపాయి రుసుము కట్టి ఎవరైనా దానిని పరిశీలించవచ్చు. (ఆ రూపాయి కట్టి చూసినవారు మన డెల్టాలో ఎందరున్నారో!) పార్టీకి ఇస్తే పాత ఆదాయపు పన్ను విధానంలో మినహాయింపు దొరుకుతుంది, అభ్యర్థికి ఇస్తే దొరకదు. అయితే పార్టీ ఖర్చుకు పరిమితి లేదు, 20 వేలకు మించి ఇచ్చినవారి పేర్లనే పార్టీ ఎన్నికల సంఘానికి తెలపాలి. రెండు పక్షాల వారూ అంకెలు విసురుకుంటూ ఈ తేడాను ప్రస్తావించరు, ఎందుకంటే ఇది ఇద్దరికీ అనుకూలమే.

ఉండి రైతు:
ధన్యవాదాలండీ. చెక్కు బదులు మేమే షామియానా వేయించి, భోజనాలు పెట్టి సభ జరిపితే సరిపోదా?

తణుకు న్యాయవాది:
అభ్యర్థి రాతపూర్వక అనుమతి లేకుండా ఆయన గెలుపు కోసం సభకు ఖర్చు పెడితే భారతీయ న్యాయ సంహిత (ఐపీసీ స్థానంలో వచ్చిన శిక్షాస్మృతి) 176వ సెక్షన్ కింద నేరం. అనుమతి ఉంటే షామియానా అద్దె కూడా ఆయన 40 లక్షల లెక్కలోకే చేరుతుంది. ఇక భోజనాల సంగతి, ఓటర్లను ఆకట్టుకోవడానికి పెట్టినట్లు తేలితే అనుమతి ఉన్నా కాపాడదు.