కీమో మధ్యలో నడిపించాలా, పడుకోబెట్టాలా?

నల్గొండ కోడలు: మా అత్తమ్మకు రొమ్ము క్యాన్సర్. ఎడమవైపు ఆపరేషన్ అయింది, ఇప్పుడు హైదరాబాద్‌లో కీమో నడుస్తోంది. రోజూ కాసేపు నడవమని డాక్టర్ అన్నారు. మా ఆడబిడ్డేమో "ముందే ఒంట్లో రక్తం లేదు, ఇంకా నడిపిస్తారా" అని మంచం దిగనివ్వదు. రోజూ ఇదే పంచాయితీ. ఎవరిది కరెక్ట్?

పానగల్ తమ్ముడు: మీ ఆడబిడ్డదే. కీమోతో మా బాపుకు అరికాళ్లు మొద్దుబారి, కాలి చెప్పు ఊడిపోయినా తెలిసేది కాదు. చెప్పు ఒకచోట, మనిషి ఇంకోచోట. అట్లాంటి మనిషిని నడువు నడువు అంటే ఎక్కడ పడతాడో! సలహాలిచ్చేవాళ్లకేం పోయింది?

పాలమూరు ఫిజియో: తమ్ముడూ, కాళ్లు మొద్దుబారితే ఒంటరిగా నడిపించొద్దు, నిజమే. పక్కన మనిషి ఉండాలి, లేదా కుర్చీలోంచి లేచి కూర్చోవడం చేయించాలి. కానీ కీమో నీరసం పడుకుంటే పోయే రకం కాదు. పడుకున్నకొద్దీ కండ కరుగుతుంది, చివరికి బాత్రూం దాకా పోవడమే కష్టమవుతుంది. నయం చేసే ఉద్దేశంతో చికిత్స ఇస్తున్నప్పుడు వ్యాయామం చేయించమని అమెరికా క్యాన్సర్ డాక్టర్ల సంఘం ఆస్కో 2022లో చెప్పింది. జ్వరం 100.4 ఉన్నా, ఛాతీ నొప్పి, ఆయాసం వచ్చినా నడక బంద్, వెంటనే ఆస్పత్రికి ఫోన్. జబ్బు ఎముకలకు పాకినవాళ్ల లెక్క వేరు, డాక్టర్‌ను అడగకుండా ఏదీ మొదలుపెట్టొద్దు.

దేవరకొండ రైతు: ఇవన్నీ పట్నం ముచ్చట్లు. మా చిన్నమ్మ కీమో నడుస్తుండగానే పత్తి ఏరడానికి పోయింది. అదీ వ్యాయామమే కదా?

పాలమూరు ఫిజియో: కాదన్నా. నడకలో అలసట వస్తే ఆగొచ్చు. కూలికి పోయినచోట కిలోల లెక్క, తూకం వేసేదాకా ఎండలో వంగి ఏరాల్సిందే. ఎండిన పత్తికాయ మొనలకు వేళ్లు గీరుకుంటాయి. తెల్లకణాలు పడిపోయినప్పుడు ఆ చిన్న గీత చాలు ఇన్ఫెక్షన్‌కు. పైగా చేను మీద కొట్టిన మందులు. అలాగని ఆపరేషన్ వైపు చేతిని అసలు కదపకుండా ఉంచడమూ తప్పే. రొమ్ము క్యాన్సర్ చికిత్స ముగిసి, ఆ వైపు చెయ్యి వాచిన ఆడవాళ్లతో తక్కువ బరువులు మొదలుపెట్టించి మెల్లగా పెంచితే వాపు ఎక్కువ కాలేదని 2009లో ఒక అధ్యయనం వచ్చింది. అత్తమ్మ చెయ్యి ఎప్పుడు, ఎంత ఎత్తాలో సర్జన్‌ను అడగండి.

సూర్యాపేట బిడ్డ: వ్యాయామం చేస్తే క్యాన్సర్ మళ్లీ రాదని 2025లో పేపర్లలో చూశాను.

పాలమూరు ఫిజియో: ఆ అధ్యయనం అంత మాట అనలేదు. అది పెద్దపేగు క్యాన్సర్‌కు ఆపరేషన్, కీమో అయిపోయినవాళ్లు 889 మందితో చేసింది. ఐదేళ్లకు జబ్బు లేకుండా బతికి ఉన్నవాళ్లు వ్యాయామం చేయించిన గుంపులో సుమారు 80 శాతం, రెండో గుంపులో 74. మంచి తేడానే, కానీ ఇక్కడ అడిగింది రొమ్ము క్యాన్సర్, అదీ కీమో మధ్యలో.

పానగల్ తమ్ముడు: ప్లేట్‌లెట్స్ సంగతి ఎవరూ రాయరేం? సీబీపీ రక్తపరీక్ష చూడకుండా మంచం దించొద్దు.

పాలమూరు ఫిజియో: అది ఒప్పుకుంటా. బాగా పడిపోతే బరువులు, దెబ్బ తగిలే పనులు వద్దు. ఇంట్లో మెల్లగా తిరగడానికి కూడా డాక్టర్ సరే అనాలి.

నల్గొండ కోడలు: సోమవారం సీబీపీ ఉంది. ఈసారి ఆడబిడ్డను కూడా వెంట తీసుకుపోతా, నా మాట ఎలాగూ వినదు. అత్తమ్మనైతే ఎవరం అడగనేలేదు, ఇవాళ అడిగితే "మంచం మీద నడుం పట్టేస్తోంది" అంది. డాక్టర్ సరే అంటే ఈ ఎండలకు ఎన్జీ కాలేజీ గ్రౌండ్ వద్దు, పొద్దున్నే ఇంటి ముందు గల్లీలో తిప్పుతాను.