అప్‌డేట్: అరగంటకే ఆగిపోయే బోరు, కారణం దొరికింది

మార్చిలో అడిగాను: నల్గొండ దగ్గర మా చేనులో 320 అడుగుల బోరు అరగంట పోసి ఆగిపోతోంది, పక్క చేనులో బోరేమో నిండుగా పోస్తోంది, ఎందుకని. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్.

మోటారులో తప్పేమీ లేదు. ఇంకా లోతుకు దించడం కూడా వద్దన్నారు జియాలజిస్టు. మాది గ్రానైట్. నీళ్లు బండలో ఉండవు, పగుళ్లలోనే నడుస్తాయి. లోతుకు పోయేకొద్దీ పైబరువుకు ఆ పగుళ్లు బిగుసుకుంటాయి.

బోరులోకి కెమెరా దించారు. 170 అడుగుల దగ్గర అడ్డంగా ఒక సన్నటి పగులు, దాన్నిండా ఎర్రమట్టి. పగులు వెడల్పు సగమైతే వచ్చే నీళ్లు ఎనిమిదో వంతుకు పడిపోతాయట! అది విన్నాకే నాకు విషయం అర్థమైంది.

చివరికి పనిచేసింది ఇక్కడ ఒకరు చెప్పిన హైడ్రోఫ్రాక్చరింగే. పగులుకు పైన రబ్బరు ప్యాకర్ (బోరును గట్టిగా మూసే బిరడా లాంటిది) బిగించి, గట్టి ఒత్తిడితో నీళ్లు కొట్టారు. ఒత్తిడి చూపే మీటరు ముల్లు పైకెక్కి ఒక్కసారిగా కిందికి పడింది. పగులు తెరుచుకుందన్నారు. తర్వాత కంప్రెసర్ పెడితే గంటసేపు ఎర్రనీళ్లే.

ఇప్పుడు మూడు గంటలు ఆగకుండా పోస్తోంది. పక్కవాళ్ల బోరులో నీళ్లు తగ్గాయేమో అని రోజూ అడుగుతున్నాను, ఇంతవరకూ తగ్గలేదు.